మా కొలిమిలోంచి ఎత్తుకపోయిన పేర్లు

యుద్ధం తాంకు మీద చెయ్యి పెట్టొద్దని ఆ మ్యూజియంల బోర్డు రాసి ఉన్నదట. నాకు జర్మన్ రాదు, కాబట్టి పెట్టిన. నా మనుమరాలు మైత్రి కొంగు పట్టి గుంజి "అమ్మమ్మా, ఫెర్బోటెన్!" అని గొంతు తగ్గించి అరిచింది. ఫెర్బోటెన్ అంటే చెయ్యకూడదని. ఈ దేశం వచ్చిన మొదటి వారంలనే నాకా మాట వచ్చింది, ఎందుకంటే ఇక్కడ నేను ఏం చేసినా అదే వినవడుతది. నేను కమ్మరి ఇంట్ల పుట్టినదాన్ని. అంత ఇనుము ఒక్కచోట కనవడితే చెయ్యి ఊరుకుంటదా? సల్లగ ఉన్నది. పైన గరుకు. సుత్తె దెబ్బలు తిన్న ఇనుము నున్నగ ఉంటది. ఇది పోత పోసిన ఉక్కు, పైన సాన కూడ పట్టకుండ యుద్ధానికి పంపినట్టున్నరు. మా నాయన చూస్తే తల అడ్డంగ ఊపేటోడు. పని సగంల వదిలిపెట్టిన వస్తువును ఆయన మనిషిని తిట్టినట్టు తిట్టేది.

మా అల్లుడు శ్రీనివాస్‌కు ఇంగోల్‌స్టాట్‌ల కార్ల కంపెనీల ఉద్యోగం. మైత్రి పుట్టిన పన్నెండేండ్లకు మా బిడ్డ స్వరూపకు మల్ల కాన్పయింది, కొడుకు. బాలింతకు వండి పెట్టేటందుకు నన్ను పిలిపించుకున్నరు. వచ్చిన రోజే వంటింట్ల సగం సర్దిన. వాళ్ళు పారేసే డబ్బాలు కడిగి ఎండబెట్టి వరుసగ పేర్చిన. మనిషి లేని గదిల హైజుంగ్ వేడి నడుస్తుంటే తిప్పి ఆపేసిన. "అమ్మా, ఇక్కడ అట్ల చెయ్యరే" అంటది స్వరూప. ఎక్కడైనా అట్లనే చెయ్యాలె అంటా నేను. ఆ రోజు మైత్రికి బడిల రెఫరాట్ ఉన్నదని బయలుదేరినం. రెఫరాట్ అంటే పిల్లలు ఒక సంగతి తెలుసుకొని వచ్చి క్లాసుల నిలబడి చెప్పుడు. ఇది తాంకుల పేర్ల మీద చెప్తానని ఒప్పుకున్నది. అల్లుడు కారు తీసిండు, నేను పులిహోర డబ్బాల కట్టిన. "అత్తమ్మా, అక్కడ కెఫే ఉంటది" అన్నడు. "ఉంటే ఉండనియ్యి, మనం దాని దిక్కు చూడం" అన్న.

ఆ తాంకు పక్కన గోడ మీద వేరే తాంకుల ఫొటోలు ఉన్నయి. నాకు ఇంగ్లీషు అక్షరాలు వస్తయి, బస్సుల మీద చదువుకుంట నేర్చుకున్న. ఒక ఫొటో కింద కె, వి అని ఉన్నది.

"కె.వి. అట. ఇంటి పేరు ఏందే వీళ్ళది?" అని అడిగిన.

"ఎవరిది?"

"తాంకోళ్ళది. కె అంటే ఇంటి పేరు కాదా? మన దిక్కు కె.వి. అంటే ముందుగాల ఇంటి పేరే చూస్తరు. కాసోజో, కొండపాకో, ఏదో ఒకటి ఉంటది."

మైత్రి నవ్వుకుంట అక్కడనే కింద కూలబడ్డది. పొట్ట పట్టుకున్నది. అల్లుడు అటు తిరిగి ఫొటో తీస్తున్నట్టు నటించిండు గని వాని భుజాలు ఊగుతున్నయి. నవ్వు అయిపోయినంక మైత్రి కండ్లు తుడుచుకొని చెప్పింది, "అమ్మమ్మా, కె అంటే క్లిమెంట్. ఫోర్‌నామె, ఆయన సొంత పేరు. వి అంటే వొరొషిలొవ్, అది ఇంటి పేరు. వాళ్ళకు ఇంటి పేరు లాస్ట్‌ల వస్తది."

"ఎనకనా? ఇంటి పేరు గడప ముందర నిలబడాలె గని దొడ్డి దిక్కు నిలబడితె ఎట్ల?"

"నీ పాస్‌పోర్ట్‌ల కూడ అట్లనే ఉన్నది."

అది నిజమే. ఇక్కడ డాక్టరు దగ్గర నన్ను మా ఇంటి పేరుతో పిలిస్తే నేను అటు ఇటు చూసిన, ఎవరినో పిలుస్తున్నరని. ఇంటి పేరు పెట్టి ఒక్క మనిషిని పిలుస్తే ఎట్ల పలుకుతరు? మా ఇంట్ల మేకలు, కోళ్ళతో సహా అందరిదీ అదే పేరు.

నేను చెయ్యి పెట్టిన తాంకు మీద మాత్రం ఐ, ఎస్ అని రాసి ఉన్నది. మైత్రి నా ముందర నిలబడి రెఫరాట్ మొదలుపెట్టినట్టు చెప్పింది. "ఇది ఇయోసిఫ్ స్టాలిన్. ఇక్కడ కొందరు జె రాస్తరు, ఎందుకంటే జర్మన్‌ల యోసెఫ్. అండ్ అమ్మమ్మా, స్టాలిన్ అనేది ఆయన అసలు పేరు కాదు, తెలుసా? అది డెక్‌నామె. దాక్కున్నప్పుడు పెట్టుకున్న పేరు. దాని మీనింగ్ ఏందో గెస్ చెయ్యి."

"ఉక్కు."

దాని నోరు తెరుచుకున్నట్టే ఉండిపోయింది.

"మోలొతోవ్ అని ఇంకొకాయన ఉండె" అన్న. "సుత్తె."

"నీకెట్ల తెలుసు? గూగుల్ చేసినవా?"

"తిత్తి కొట్టుకుంట విన్న" అన్న. దానికి అర్థం కాలేదు. తిత్తి అంటే ఏందో చెప్పాలె, కొలిమి అంటే చెప్పాలె, మా నాయన ఎవరో చెప్పాలె. మైత్రి ఆయనను చూడలేదు. స్వరూప చిన్నప్పుడు చూసింది, అందుకే ఇప్పుడు ఆ పేరు కోసం నా ప్రాణం తీస్తున్నది.

ఆ పేరు సంగతి ముందుగాల చెప్పాలె. పిల్లగాడు పుట్టి రెండు వారాలు దాటింది, ఇంకా పేరు లేదు. దవాఖానల "బేబీ" అని రాసి పంపిచ్చిన్రు. స్టాండెస్‌ఆమ్ట్ అనే ఆఫీసుల పేరు రాయిస్తేనే వానికి పుట్టినట్టు కాగితం ఇస్తరు. దానికి మంగళవారం టెర్మిన్ దొరికింది, అంటే ఆ రోజు ఆ టైముకు రమ్మని. స్వరూపకు మా నాయన పేరు పెట్టాలని ఉన్నది. "తాత అసలు పేరు రాజలింగం కదమ్మా, రాజ్ అని పెడతం. ఇక్కడి వాళ్ళ నోటికి కూడ తిరుగుతది" అన్నది. అల్లుడు సరే అన్నడు. నేను మాత్రం సరే అనలేకపోయిన. ఎందుకో నాకే తెలుస్తలేదు. అది మా నాయనకు వాళ్ళ నాయన పెట్టిన పేరే. అబద్ధం ఏం లేదు. అయినా ఆ పేరుతో ఆ పసిగుడ్డును చూస్తే మా నాయన గుర్తుకొస్తలేడు, ఎవరో పొరుగూరు ఆయన గుర్తుకొస్తున్నడు. "నువ్వు సరే అంటేనే పెడతా" అని స్వరూప పట్టుబట్టింది. ఆదివారం వచ్చినా నేను చెప్పలేదు, ఆ ఆదివారమే తాంకు చూడ పోయింది.

మా ఇల్లు నల్గొండ దిక్కు ఊర్ల, ఊరి బయటికి పోయే బాట మీద. ముందర కొలిమి కొట్టం, ఎనక ఇల్లు, నడుమ వాకిలి. తెల్లారంగనే మా అమ్మ వాకిలి ఊడ్చి సాంపి చల్లేది. ఎంత ఊడ్చినా ఆ మట్టి నల్లగనే ఉండేది, బొగ్గు పొడి. మా ఇంట్ల అన్నం కూడ కొంచెం ఇనుము వాసన వచ్చేదని మా అత్తగారి ఊర్ల అన్నం తిన్నంకనే నాకు తెలిసింది. ఎర్రగ కాలిన కర్రు నీళ్ళల్ల ముంచినప్పుడు వచ్చే ఆ ఆవిరి వాసన ఇప్పటికీ నాకు ఆకలి పుట్టిస్తది, ఎందుకంటే అది మధ్యాహ్నం చివరి పని, అది అయితే తిండే. కొలిమిల సగం కాలి మిగిలిన బొగ్గులను అమ్మ ఏరుకొని పొయ్యిల వేసేది. ఆ పొయ్యిల మిగిలిన బూడిదతో గిన్నెలు తోమేది. ఒక్క బొగ్గు రెండు పూటలు పని చెయ్యకపోతే ఆమెకు నిద్ర పట్టేది కాదు. నన్ను పిసినారి అనేవాళ్ళు ఆమెను చూడలేదు.

మా నాయనను ఊరంత వెన్నయ్య అని పిలిచేది. నేను పుట్టకముందు, పోరాటం రోజుల్ల, ఆయన దళానికి కొడవండ్లు, బరిసెలు చేసి ఇచ్చేదట, పోలీసులు వెతుకుతుంటే అడవికి పోయిండట. అక్కడికి పోయినోళ్ళందరు ఇంటి దగ్గరి పేరు వదిలి కొత్త పేరు పెట్టుకోవాలె. దాన్ని టెక్ పేరు అనేది. పట్టువడ్డా ఇంటిమీదికి రాకుండ. ఆయన పెట్టుకున్న పేరు వెన్నయ్య. జైలుకు పోయి విడుదలై ఇంటికొచ్చినా ఆ పేరు ఆయనను వదలలేదు.

ఆయన లేని రోజుల కథ అమ్మ నాకు తల దువ్వుకుంట చెప్పేది. పోలీసులు వచ్చి వాకిట్ల నిలబడి "నీ మొగని పేరు చెప్పు" అంటే, ఆమె కొంగు నోట్ల పెట్టుకొని తల వంచుకునేదట. "ఆడిదాన్ని, మొగని పేరు నోటితో చెప్తనా? పాపం తగులదా?" అనేదట. జమేదారు బెదిరించిండట, లాఠీ ఎత్తిండట. అయినా చెప్పకపోతే ఆయనకే సిగ్గయ్యి, "మా ఇంట్లది కూడ గంతే" అనుకుంట పోయిండట. ఆ ముచ్చట చెప్పినప్పుడల్ల అమ్మ దువ్వెన ఆపి నవ్వేది. మొగని పేరు పలకకూడదనే కట్టు ఆమెను కాపాడింది, ఆయనను కూడ కాపాడింది. పోలీసులకు భయపడి దాచిందో, నిజంగనే పలకలేక దాచిందో అడిగితే, "రెండూ ఒకటేనాయె" అనేది.

ఆయన జైలు నుంచి వచ్చిన రోజు ఊరి ఆడోళ్ళు గడప దగ్గర అమ్మకు అడ్డం నిలబడ్డరట. పెండ్లినాడు చేసినట్టే, మొగని పేరు చెప్తేనే లోపలికి రానిస్తమని పరాచికం. అమ్మ ఏం ఆలోచన చేసిందో ఏమో, తల ఎత్తి, అందరు వినేటట్టు, "వెన్నయ్య!" అన్నదట. ఆడోళ్ళు ఒక్కసారి నోర్ల మీద చేతులు పెట్టుకున్నరు. తర్వాత తెలిసి పకపక నవ్విన్రట. అది ఆయన పేరు కాదుగద. అడవిల పెట్టుకున్న దొంగ పేరు. దాన్ని పలికితే పాపం ఏముంటది? ఆ రోజు నుంచి మా అమ్మకు ఒక వరం దొరికినట్టయింది. ఊర్ల ఏ ఆడదానికీ లేని వరం. వాకిట్ల నిలబడి, కొలిమి దిక్కు తిరిగి, నడుము మీద చెయ్యి పెట్టుకొని, "ఓ వెన్నయ్యా! గట్క సల్లారిపోతాంది!" అని పిలిచేది. చిన్నప్పుడు నేను లేచేది ఆ గొంతుకే, అన్నానికి ఉరికేది ఆ గొంతుకే. పక్కింటి ఆమె "నీ మొగడు చెవిటోడా ఏంది?" అని ఎక్కిరిస్తే, "సమ్మెట సప్పుడుల వినవడొద్దా?" అని ఇంకా గట్టిగ పిలిచేది. ఆయన మొదటి పిలుపుకు రాడు. రెండోసారి పిలిపించుకొనే వస్తడు. వినవడక కాదని నాకు అప్పుడే తెలుసు, ఎందుకంటే మొదటి పిలుపుకు సమ్మెట ఆగేది.

తిత్తి కొట్టేది నేను. గాలి ఒక్క తీరుగ పోవాలె, ఎక్కువైతే బొగ్గు దండుగ. ఆ పని విసుగు పుట్టకుండ నాయన ముచ్చట్లు చెప్పేది. రష్యా నుంచి నున్నటి కాగితాల పత్రిక వచ్చేది, దాంట్ల బొమ్మలు చూపెట్టేది. అమ్మ ఎప్పుడు దాని అట్టను గూట్ల పరుచుకుందామా అని కాచుకొని ఉండేది, ఆయన ఇయ్యకపోయేది. అందుల ఒకసారి తాంకు బొమ్మ వచ్చింది. దాని మీద ఆయన నల్లటి వేలు పెట్టి, "ఈ ఉక్కు బండికి మనిషి పేరు పెట్టిన్రు. ఆ మనిషి ఆ పేరు ఉక్కు నుంచే తీసుకున్నడు. ఇనుము పేరు మనిషికి పోయి, మల్ల ఇనుముకే వచ్చింది. చూస్తివా?" అన్నడు. ఆ మాట ఆయనకు ఎంత నచ్చిందంటే ఆ రోజు కర్రు కాలి ముదిరిపోయింది, చూసుకోలేదు.

"అడవిల మా పెద్దన్న ఒకాయన చెప్పేది" అనేవాడు నాయన. "రష్యాల కూడ దాక్కున్నోళ్ళందరు పేర్లు మార్చుకున్నరట. ఒకాయన ఉక్కు. ఒకాయన సుత్తె. ఒకాయన రాయి. అన్ని మన కొలిమిలకెళ్ళే ఎత్తుకపోయిన్రు. ఒక్కడన్న కూలి ఇచ్చిండా?"

"తిత్తి పేరు ఎవలు పెట్టుకున్నరు నాయనా?"

"ఎవలు పెట్టుకోలే. తిత్తి కష్టం ఎవలికి కనవడ్డది?"

నాకు కోపం వచ్చి గాలి తగ్గించిన. "మరి నువ్వెందుకు ఉక్కయ్య అని పెట్టుకోలే?"

ఆయన పట్టకారు పక్కకు పెట్టి నవ్విండు. "వాళ్ళు చదువుకున్నోళ్ళు. ఉక్కు, సుత్తె అంటే ఎవలు గుర్తువట్టరు. కమ్మరోడు పోయి ఉక్కయ్య అని పెట్టుకుంటే పోలీసోడు వాసన చూసుకుంట కొలిమి కాడికి రాడా? మన ఇంట్ల ఎన్నడు లేనిది ఏందని ఆలోచన చేసిన. వెన్న. ఎవల బుద్ధి కూడ మన దిక్కు రాదు."

అప్పటికి నేను వెన్న తిని ఎరుగ. పేరు మాత్రం ఇంటి నిండ ఉన్నది.

నన్ను బడిల వేసిన రోజు సంగతి ఇప్పుడు చెప్పాలె. నేను చదివింది నాలుగో తరగతి దాక. మొదలు చేర్పించేటప్పుడు పంతులు తనే ఇల్లిల్లు తిరిగి పిల్లలను రాసుకునేది. కొలిమి కాడికి వచ్చి బల్ల మీద కూచున్నడు. నా పేరు రాసుకున్నడు. తండ్రి పేరు అని అడిగిండు. నాయన చేతిల సుత్తె ఉండె. దాన్ని కింద పెట్టిండు. అమ్మ వాకిలి గడప మీద నిలబడి చూస్తున్నది, బియ్యం చెరిగే చాట చేతిలనే ఉన్నది.

"వెన్నయ్య" అన్నడు నాయన.

"అది కాదయ్యా, అసలు పేరు."

"అదే అసలు పేరు. రాయి పంతులూ. నా బిడ్డకు తండ్రి వెన్నయ్య."

అంతే. పంతులు రాసుకొని పోయిండు. నాయన కొలిమి మల్ల అంటిచ్చిండు. ఇంత చిన్న సంగతి, ఎవరు పట్టించుకుంటరు?

ఆ తెల్లారి గట్క వండి అమ్మ వాకిట్లకు వచ్చింది. నడుము మీద చెయ్యి పెట్టుకున్నది. నోరు తెరిచింది. పలకలేదు. లోపలికి వచ్చి నాతోని, "పోయి మీ నాయనను పిలుసుకరాపో" అన్నది.

"నువ్వే పిలువు."

"పిలువుమంటే పిలువు. ఎదురు చెప్పకు."

పోయి పిలిచిన. మల్ల తెల్లారి కూడ నేనే. ఆ తర్వాత ప్రతి రోజు నేనే. మా అమ్మ ఆయనను "ఇగో" అన్నది, "ఏమయ్యో" అన్నది, పక్కింటోళ్ళ ముందర "మా ఇంటాయన" అన్నది. ఆ పేరు మాత్రం మల్ల ఆ నోటి నుంచి రాలేదు. నాకు భయం పట్టుకున్నది. ఇద్దరికీ లడాయి అయిందని, నాయన ఏదో చేసిండని, మల్ల అడవికి పోతడేమోనని. రాత్రి కండ్లు మూసుకొని వాళ్ళ మాటలు వినేదాన్ని. లడాయి ఏం లేదు. బెల్లం ధర గురించి మాట్లాడుకునేది.

పగలు కొలిమిల మాత్రం నాయన అన్నం వేళకు సమ్మెట ఆపి చెవి అటు పెట్టేది. నేను పోయి "నాయనా, రమ్మంటాంది" అంటే లేచి వచ్చేది. ఒక్క పిలుపుకే వచ్చేది, రెండోది అక్కర లేకపోయేది. ఒకనాడు కంచం ముందర కూచొని, ముద్ద కలుపుకుంట, తల ఎత్తకుండనే అమ్మతోని అన్నడు: "ఇంకో దొంగ పేరు పెట్టుకోనా?"

అమ్మ చారు పోస్తున్నది. చెయ్యి ఆగింది. "ముసలోనికి ఎన్ని పేర్లు!" అన్నది. ఇద్దరూ నవ్విన్రు. నాకు మాత్రం ఏం నవ్వు వచ్చే మాటో అర్థం కాలేదు. నవ్విన్రు కాబట్టి లడాయి లేదు, ఇల్లు నిలిచే ఉంటది అని మాత్రం తెలిసి కడుపు నిండ తిన్న.

నా పెండ్లయింది, స్వరూప పుట్టింది, నాయన ముసలోడయ్యి పోయిండు. ఆ రోజు వాకిట్ల రెండు గుంపులు. ఒక దిక్కు మా కులపోళ్ళు, ఒక దిక్కు ఎర్ర జెండా పట్టుకున్న పాత మనుషులు. కర్మ చేయించే ఆయన పుట్టినప్పుడు పెట్టిన పేరు కావాలన్నడు. తెలిసిన పెద్దోళ్ళు ఎప్పుడో పోయిన్రు, ఉన్నోళ్ళల్ల ఎవరికీ తెల్వదు. ఆ పేరు తెలిసిన మనిషి మా అమ్మ ఒక్కతే. మేమందరం ఆగమైనం. మొగని పేరు ఆమె ఎట్ల చెప్తది? ఎవరో ఒకరు చెవి దగ్గర పెట్టాలె, సైగ చేయించాలె అనుకుంటున్నం. అమ్మ తల ఎత్తి, "రాజలింగం" అన్నది. అందరికీ వినవడేటట్టు అన్నది. బజారుల పోయే మనిషి పేరు చెప్పినట్టు చెప్పింది. ఆడోళ్ళు ముఖాలు చూసుకున్నరు. నేను కూడ అనుకున్న, దుఃఖంల కట్టు మరిచిపోయిందని.

తర్వాత జెండా మనుషులు పిడికిలి ఎత్తి, "జోహార్ కామ్రేడ్ వెన్నయ్య!" అన్నరు. వాకిలి వాకిలంత అన్నది. నేను అన్న. స్వరూప చిన్నది, అది కూడ అన్నది. మా అమ్మ కొంగు నోట్ల పెట్టుకొని తల వంచుకున్నది.

ఇదంత ఆ తాంకు దగ్గర బెంచీ మీద కూచొని, పులిహోర తినుకుంట, మైత్రికి చెప్పిన. అది మధ్య మధ్యల ఫోన్‌ల రాసుకున్నది. తెలుగు మాట అర్థం కాకపోతే వాళ్ళ నాయన దిక్కు చూసేది, ఆయన జర్మన్‌ల చెప్పేది. చెప్పుడు అయిపోయినంక అది తాంకు దిక్కు చూపెట్టి తన ముచ్చట చెప్పింది. ఆ స్టాలిన్ చచ్చిపోయినంక అదే వరుసల వచ్చిన కొత్త తాంకుకు ఆయన పేరు పెట్టలేదట. ఉట్టి టి అని పెట్టిన్రట. టి అంటే తాంకు. ఊర్లకు పెట్టిన పేరు కూడ తీసేసిన్రట. ఆయన చేయించిన చెడ్డ పనులు చానా ఉన్నయని మా టీచర్ చెప్పింది, అన్నది. ఉండి ఉంటయి. మా నాయన ఆ మాటలు విన్నడో లేదో నాకు తెల్వదు. విన్నా ఆ ముచ్చట నాతోని చెయ్యలేదు. మా ఇంటి గోడ మీద ఉన్న స్టాలిన్ పటం మాత్రం ఒకనాడు దించి గూట్ల పెట్టిండు, ఎందుకని నేను అడుగలేదు.

"సో, పైన వాళ్ళు పేరు పెడతరు, పైన వాళ్ళే తీసేస్తరు" అన్నది మైత్రి, రాసుకుంట. "బట్ అమ్మమ్మా, మీ నాయన పేరు ఎవరు తీసిన్రు? రాజలింగం ఎప్పుడు పోయింది?"

చేతిల ముద్ద చేతిలనే ఉన్నది. ఎప్పుడు పోయింది? ఇన్నేండ్లు నేను అది లడాయి అనుకున్న, తర్వాత మరిచిపోయిన, చావునాడు దుఃఖం అనుకున్న. పంతులు వచ్చిన రోజే పోయింది. "అదే అసలు పేరు" అని మా నాయన తన నోటితో అన్నడు. గడప మీద నిలబడి అమ్మ విన్నది. అంతవరకు అది దొంగ పేరు, ఇష్టమున్నట్టు పిలుచుకున్నది. ఇగ అది మొగని పేరయ్యింది. మొగని పేరు ఎట్ల పలుకుతది? ఆ వరాన్ని ఆ పూటనే తిరిగి ఇచ్చేసింది. వదిలేసిన రాజలింగం పేరు ఎవరిదీ కాదు కాబట్టి చావునాడు అంత సులువుగ చెప్పింది.

"అమ్మమ్మా, ఏడుస్తున్నవా?"

"పులిహోరల మిరపకాయ" అన్న. "తిను. ఒక్క మెతుకు వదిలిపెట్టకు."

కారుల వస్తుంటే ఈ కాలం ఆడపిల్లలు గుర్తుకొచ్చిన్రు. మా స్వరూప మొగన్ని "శ్రీనూ" అంటది, కోపం వస్తే "ఒరేయ్ శ్రీనూ" అంటది. మొదట్ల నాకు చెవులు మూసుకోవాలనిపించేది. నేను మా ఆయన పేరు ఈ రోజుకీ పలకలేదు. ఇన్సూరెన్స్ ఆఫీసుల అడిగితే బిడ్డ దిక్కు చూసిన. ఆ గుమాస్తా ఆమె నాకు మతిమరుపు అనుకున్నట్టుంది. పిలుచుకునే తీరు మంచిదా, పిలువకుండ దాచుకునే తీరు మంచిదా అని అడిగితే, ఇంతకు ముందైతే రెండోదే అనేదాన్ని. ఇప్పుడు మా నాయన అన్నం వేళకు సమ్మెట ఆపి చెవి పెట్టింది కండ్లల్ల మెదిలి, ఏం చెప్పాలో తోస్తలేదు. దాచుకోవడంల ఎంత ప్రేమ ఉన్నా, అవతలి మనిషికి వినవడేది ఏం లేదుగద.

ఇంటికి వచ్చేసరికి స్వరూప పిల్లగానికి పాలు తాపి భుజం మీద వేసుకున్నది. చెప్పులు విడవకముందే చెప్పిన, "రాజ్ వద్దు. వెన్నయ్య అని పెట్టు."

"అమ్మా! అది టెక్ పేరు కదనే. అసలు పేరు పెడతమన్నంగద."

"అదే అసలు పేరు. మా అమ్మ ఏ పేరు పలకలేదో అదే ఆయన పేరు" అని, బెంచీ మీద తెలిసిందంత మల్ల చెప్పిన. స్వరూప తాత చావునాడు జోహార్ అన్నది గుర్తున్నదట, అమ్మమ్మ నోట్ల కొంగు కూడ గుర్తున్నదట. వింటుంటే పిల్లగాని వీపు మీద చెయ్యి తట్టుడు ఆపింది.

అల్లుడు మెల్లగ అన్నడు, "అత్తమ్మా, మీనింగ్ అడుగుతరు. బట్టర్ అని చెప్పాలె. వీళ్ళు వి ని ఎఫ్ లెక్క చదువుతరు. ఫెన్నయ్య అంటరు."

"మా ఊరోళ్ళు ఆ రష్యావోళ్ళ పేర్లు ఎట్ల పలికిన్రో నువ్వు వినలేదు. చదువుకోనియ్యి."

మైత్రికి మాత్రం పండుగ. "మై బ్రదర్ ఈజ్ బట్టర్!" అని సోఫా చుట్టూ ఎగిరింది. తర్వాత అదే దారి చూపెట్టింది. ఇక్కడ ఒక మనిషికి రెండు మూడు సొంత పేర్లు రాయొచ్చట, అండ్ల రోజూ పిలిచే దాన్ని రూఫ్‌నామె అంటరట, పిలుపు పేరు. "రాజ్ కూడ రాద్దాం, వెన్నయ్య కూడ రాద్దాం. రూఫ్‌నామె ఏదో అమ్మమ్మ చెప్తది."

స్వరూప నా దిక్కు చూసింది. పిల్లగాన్ని నా చేతుల పెట్టింది. "చెప్పు మరి. ఏం పిలుస్తవ్?"

నేను వాన్ని పట్టుకొని కిటికీ కాడికి పోయిన. బయట ఆదివారం. ఈ దేశంల ఆదివారం రూయెత్సైట్, సప్పుడు చెయ్యకూడని రోజు. మిక్సీ వేయొద్దు, మేకు కొట్టొద్దు. కింద ఇంటి ముసలాయన ఒకసారి వచ్చి చెప్పిపోయినప్పటి నుంచి, ఈ ఇంట్ల ఎవరు గట్టిగ మాట్లాడినా ముందుగాల కసిరేది నేనే. వాడు కండ్లు మూసుకొని ఉన్నడు. గుప్పిలి గట్టిగ పట్టుకొని, సమ్మెట వేసినట్టు పైకి కిందికి ఊపుతున్నడు, మా నాయన లెక్కనే. వీడు నాకు మనుమడు. వీని పేరు పలికితే నాకు పాపం లేదు.

నడుము మీద చెయ్యి పెట్టుకోను వీలు కాలేదు, చేతిల వాడున్నడు. నోరు తెరిచి, వాకిలి దాటి కొలిమి దాక వినవడాలె అన్నట్టు పిలిచిన.

"ఓ వెన్నయ్యా!"

"అమ్మమ్మా, రూయెత్సైట్!" అని మైత్రి ఉరికి వచ్చి కిటికీ రెక్క పట్టుకున్నది. కింద ఎవరో బాల్కనీ తలుపు తీసిన సప్పుడు. పిల్లగాడు ఉలిక్కిపడలేదు, కండ్లు తెరువలేదు. గుప్పిలి మాత్రం ఒక్కసారి ఆగినట్టయింది.

"ఉండవే" అన్న మైత్రితోని. "వీడు రెండోసారి పిలిస్తే గని రాడు."